మూల కుర్చీలో గీత జడ్జి

ఉద్యోగంలో నేను డ్రిల్లు మాస్టారిని. కాగితాల మీద వ్యాయామ ఉపాధ్యాయుడు అని రాసేవారు గానీ పిల్లలకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ, స్కూలు ఎదురుగా టీ కొట్టువాడికీ డ్రిల్లు మాస్టారినే. బందరులో పుట్టాను, ఎక్కువ కాలం దివిసీమలో పనిచేశాను. ముందు జిమ్నాస్టిక్స్ నేర్పాను, తర్వాత జిమ్నాస్టిక్స్ జడ్జిని అయ్యాను. రిటైరయ్యాక ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. నిజానికి వాళ్ళకు కావలసింది ఏ పరీక్ష ఎలా పాసవ్వాలి, ఏ సర్టిఫికెట్టు ఎక్కడ దొరుకుతుంది అన్నది. అవి నాకంటే వాళ్ళ ఫోన్లు బాగా చెబుతాయి.

నేను చెప్పగలిగింది ఇంకొకటి ఉంది. ఈ పనిలో అసూయ ఉంటుంది. మనం ఎగరం. పిల్లలు ఎగురుతుంటే కింద నిలబడి చూసే పని మనది. మన పిల్ల ఎగిరితే ఒక రకం, పక్కవాడి పిల్ల ఎగిరితే ఇంకో రకం. మన పిల్లే పక్కవాడి దగ్గరికి వెళ్ళి ఎగిరితే ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. నాకు అసూయ లేదు అని చెప్పేవాడి పక్కన కాసేపు కూర్చుంటే చాలు, అతనికి ఎవరి మీద ఉందో పేరుతో సహా చెప్పేస్తాను.

తుఫాను షెల్టరు

అవనిగడ్డ దాటి హంసలదీవి వైపు వెళ్ళే దారిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నాకు పోస్టింగ్ వచ్చింది. ఆ రోజుల్లో అటు వేస్తే ఎవరికో కోపం తెప్పించాడని అనుకునేవారు. స్కూలుకి ఆటస్థలం ఉంది. వానాకాలమంతా అందులో నీళ్ళు, ఎండాకాలం ఉప్పు తేలి గట్టిపడిన నేల. దాని మీద పిల్లల చేత పల్టీలు కొట్టించడానికి నాకు మనసొప్పలేదు. ఊరి చివర స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు ఒకటి ఏడాదిలో నాలుగైదు రోజులు తప్ప ఎప్పుడూ ఖాళీగా ఉండేది. సర్పంచిగారిని బతిమాలి తాళంచెవి తెచ్చుకున్నాను.

చాపలు కొనే స్తోమత స్కూలుకి లేదు. బందరులో పరుపులు కుట్టే సాయిబుగారి చేత గోనెసంచులు పొడవుగా కుట్టించి, రైసు మిల్లు నుంచి తెచ్చిన ఊక నింపి, పైన పాత దూది పరిపించాను. దూకినప్పుడల్లా సన్నగా దుమ్ము లేచేది, పిల్లలు తుమ్మేవాళ్ళు. నేల విన్యాసాలకు అసలైన చాప పన్నెండు మీటర్ల చదరం. మా షెల్టరు గదిని మూల నుంచి మూలకు కొలిస్తే పన్నెండు మీటర్లు వచ్చేది. అంటే ప్రపంచంలో అందరికీ భుజమంత ఉన్నది మాకు కర్ణం. మూలల్లో గోడలకి ఊక మూటలు వేలాడదీసి, "చెయ్యి చాస్తే మూట తగలాలి, ఒళ్ళు తగలకూడదు" అని నేర్పేవాణ్ణి.

మంగ ఆ గదిలోనే నేర్చుకుంది. అసలు పేరు నాగమంగ. పాలకాయతిప్ప దగ్గర బెస్తపల్లె పిల్ల, అప్పటికి పదేళ్ళుంటాయేమో. వాళ్ళమ్మ అవనిగడ్డ సంతలో ఎండుచేపలు అమ్మేది. ఒకరోజు షెల్టరు మెట్ల కింద ఇసక గుట్ట మీద ఎవరో పిల్ల వెనక్కి పల్టీ కొట్టి రెండు కాళ్ళ మీద నిలబడింది. నేను కిందికి దిగి, "ఎవరు నేర్పారే నీకు?" అన్నాను.

"మీరేనండి. కిటికీలోంచి చూశాను" అంది.

ఆరోజు కలిగినంత సంతోషం నా ఉద్యోగంలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. తర్వాత ఐదేళ్ళు పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు ఆ పిల్లతోనే గడిచాయి. మోకాలు ఎక్కడ వంగుతుందో, భయపడితే ఏ చెయ్యి ముందు కదులుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి.

ఒక తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. ఒకసారి వాయుగుండం పట్టి, పల్లెలన్నీ ఖాళీ చేయించి జనాన్ని షెల్టరుకి తోలుకొచ్చారు. ఊక తడిస్తే కుళ్ళిపోతుందని నేను ముందే చాపలన్నీ పక్క గదిలో పడేసి తాళం వేశాను. జనం తడి బట్టలతో గచ్చు మీద పడుకున్నారు. మంగ వచ్చి, "మా నాయనమ్మకి నడుం నొప్పండి. ఒక్క చాప ఇయ్యండి మేస్టారండీ" అంది. ఒక్కటి ఇచ్చాక మిగతావి ఆపడం ఎలా కుదురుతుంది? అన్నీ ఇచ్చాను, గానీ మొహం మాడ్చుకుని ఇచ్చాను. ఆ చాపలు డాబా మీద రెండు వారాలు ఎండాయి. తర్వాత కూడా చేపల వాసన పోలేదు. ఆ గది ఎవరికోసం కట్టారో అన్న సంగతే మర్చిపోయి, అది నాదే అనుకోవడం అప్పటికే మొదలైంది.

గుడివాడ బావ

ప్రకాశరావు, నేను ట్రైనింగు కాలేజీలో ఒకే గదిలో ఉన్నాం. చుట్టరికం లేదు, కానీ మొదటి నుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్ళం. అతని పల్టీలు నావాటికంటే బాగుండేవి కావు. నోరు మాత్రం బాగుండేది. గుడివాడలో ఉద్యోగం సంపాదించి, ఒక మిల్లు యజమానిని ఒప్పించి పెద్ద హాలు కట్టించుకున్నాడు. లోపల స్పాంజి చాపలు, కింద స్ప్రింగులున్న నేల, ఒక గోడ పొడుగునా అద్దం.

మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు చాపలు చూసి ఊరుకోగలిగాను. అద్దం చూశాక కడుపు మండింది. మా పిల్లలకి కాలు ఎలా ఉందో నేను చెబితేనే తెలియాలి. అక్కడి పిల్లలు తలెత్తితే చాలు. "బాగుంది బావా, కానీ అద్దం ఉంటే పిల్లలు జడలు సవరించుకుంటారు" అన్నాను. "సవరించుకోనీ బావా, ఆడపిల్లలు కదా" అని నవ్వాడు.

బందరులో జిల్లా పోటీలకి మంగని తీసుకెళ్ళినప్పుడు అతని కన్ను పడింది. భోజనాల దగ్గర నా పక్కన చేరి, "బావా, ఈ పిల్లని నా దగ్గరికి పంపరాదా? హాస్టలు నేను చూసుకుంటా. నీ దగ్గర ఉంటే జిల్లా దాటదు" అన్నాడు.

ఆ చివరి ముక్క నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండింది. మంగ వాళ్ళమ్మ వచ్చి, "మీరు పంపమంటే పంపుతానండి, వద్దంటే లేదు" అంది. గుడివాడ హాస్టల్లో తిండి బాగుండదని చెప్పాను. నేను ఆ హాస్టలు మొహం కూడా చూడలేదు. అయినా వాళ్ళు అడిగిన టీసీని, హెడ్మాస్టరు సంతకం అయ్యాక కూడా మూడు వారాలు నా టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను. చివరికి ఒక సాయంత్రం మంగే వచ్చి నిలబడింది.

"మేస్టారండీ, నేను గట్టిగా పరిగెడితే ఇక్కడ గోడ అడ్డం వస్తుందండి" అంది.

సొరుగు తీసి కాగితం ఇచ్చేశాను. ఆ పిల్ల కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళింది. నేను ఆశీర్వదించాను. లోపల మాత్రం, వెళ్ళు, నేను లేకుండా ఎంత దూరం వెళ్తావో చూస్తాను అనుకున్నాను. పదిహేనేళ్ళ పిల్ల గురించి నలభై దాటిన మనిషి అనుకున్న మాట ఇది. దాచి ప్రయోజనం లేదు.

తీసేసే అంకె

కోచ్‌గా అతన్ని మించలేనని తేలిపోయింది. జడ్జినైతే ఎంత గొప్ప కోచ్ అయినా నా బల్ల ముందు నిలబడి నా అంకె కోసం చూడాల్సిందే కదా అన్న ఆలోచన వచ్చింది. నేను జడ్జి పరీక్షలు రాయడానికి అసలు కారణం ఇదే. నిబంధనల పుస్తకం మొత్తం ఇంగ్లీషు. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో ఆదివారం ఖర్చుపెట్టి చదివాను. ద్వేషంతో చదివినా చదువు ఒంటబడుతుంది. రాష్ట్ర స్థాయి అయింది, జాతీయ స్థాయి అయింది.

జడ్జి పని గురించి బయటివాళ్ళకి తెలియనిది ఒకటి చెబుతాను. తప్పులు లెక్కపెట్టడానికి ఐదారుగురు కూర్చుంటారు. ఎవరికి వారే అంకె వేస్తారు. అందరికంటే ఎక్కువ వేసినవాడి అంకె, అందరికంటే తక్కువ వేసినవాడి అంకె తీసేసి, మిగిలినవాటి సగటు పిల్లకి ఇస్తారు. ఎవడి ప్రేమా, ఎవడి కుళ్ళూ పిల్లదాకా వెళ్ళకుండా పెద్దలు చేసిన ఏర్పాటు అది. చాలా మంచి ఏర్పాటు.

ఒక పోటీలో మా ప్యానెలుకి పెద్ద, పుణె నుంచి వచ్చిన ఒక మేడమ్. తెల్ల జుట్టు, సన్నటి గొంతు, మనిషి మహా ఖచ్చితం. ఆరోజు గుడివాడ పిల్లలు ముగ్గురు చేశారు. ముగ్గురికీ నా అంకె అందరికంటే తక్కువ. మూడుసార్లూ తీసేశారు. పోటీ అయ్యాక ఆవిడ కాగితాలు సర్దుతూ హిందీలో అడిగింది, "ఆ కోచ్ నీకు తెలుసా?"

తెలుసన్నాను.

"పిల్లలకి నష్టం జరగలేదులే. నీ అంకె లెక్కలోకి రాలేదు" అంది. తర్వాత కళ్ళజోడు తీసి, "కొన్ని కుర్చీల్లో మనిషి ఒక్కడే ఉంటాడు. అలాంటి కుర్చీ నీకెప్పుడైనా వస్తే వద్దను" అంది.

నా మీద కంప్లైంటు రాయలేదు. అందుకు కృతజ్ఞత కంటే సిగ్గు ఎక్కువ కలిగింది. రెండేళ్ళపాటు నిజంగా బాగా పనిచేశాను. గుడివాడ పిల్లలకి నా అంకె మధ్యలోనే ఉండేది. నయమైపోయిందనుకున్నాను.

ఏ మూల?

అంతర్జాతీయ క్రీడలు మన దేశంలో జరిగాయి. ఎన్నో దేశాలు, ఎన్నో ఆటలు, అందులో జిమ్నాస్టిక్స్ ఒకటి. మార్కులు వేసే జడ్జీలు విదేశాల నుంచి వచ్చారు. గడియారం చూసేవాళ్ళనీ, గీత చూసేవాళ్ళనీ మాత్రం ఇక్కడి నుంచే తీసుకున్నారు. నన్ను గీత జడ్జిగా వేశారు.

గీత జడ్జి అంటే, నేల విన్యాసాల చాపకి ఎదురెదురు మూలల్లో ఇద్దరు కూర్చుంటారు. ఒక్కొక్కరికి రెండేసి గీతలు. పిల్ల పాదం గీత దాటితే చిన్న జెండా ఎత్తాలి. ఒక పాదం దాటితే పదో వంతు మార్కు పోతుంది. అంతే పని. మాకు పైన కెమెరా లేదు, పక్కన ఇంకో మనిషి లేడు, సగటు లేదు. ఎత్తిన జెండాని మేమే తప్ప ఇంకెవరూ దించలేరు. పుణె మేడమ్ చెప్పిన కుర్చీ అదేనని ఉత్తర్వు చేతికి రాగానే నాకు తెలిసింది. వద్దనలేదు. అంతర్జాతీయ క్రీడల్లో కుర్చీ దొరికితే వద్దనే డ్రిల్లు మాస్టారు ఎవరుంటారు? బ్లేజరు ఇచ్చారు. చేతులు వేళ్ళదాకా వచ్చాయి, పిన్నీసులతో మడిచి పెట్టుకున్నాను.

మన జట్టులో మంగ ఉంది. అప్పటికి ఇరవై దాటింది. జట్టు కోచ్‌లలో ఒకడు ప్రకాశరావు.

పోటీ ముందురోజు సాధన హాల్లో కనిపించాడు. వీపు మీద దేశం పేరున్న ట్రాక్ సూటు, మెళ్ళో కార్డులు. నన్ను చూసి పరిగెత్తుకుంటూ వచ్చి వాటేసుకున్నాడు. "బావా, నువ్వా! ఎక్కడేశారు నిన్ను?"

"గీత దగ్గర."

"ఏ మూల?"

చూపించాను. తలుపు వైపు మూల. "బాగుంది" అన్నాడు. ఆ బాగుందిలో నాకు జాలి వినిపించింది. వెనక నుంచి మంగ వచ్చింది. "మేస్టారండీ, తిన్నారా?" అంది. తిన్నానన్నాను. ఆ పిల్ల కాలి వేలికి కట్టిన తెల్ల టేపు వైపు చూశాను. నా దగ్గర ఉన్నప్పుడు అక్కడ పాత చీర పేలిక కట్టేవాణ్ణి.

ఆరోజంతా నాకు ఒకటే లెక్క. ఇతనికి ట్రాక్ సూటు ఎక్కడిది? ఈ పిల్ల వల్ల వచ్చింది. ఈ పిల్ల ఎక్కడిది? నా కిటికీలోంచి వచ్చింది. మరి నేను మూలన ఎందుకున్నాను? భోజనం దగ్గరా ఇదే లెక్క, బస్సులోనూ ఇదే. నయమైందనుకున్న రోగం ఒక్క రోజులో మొత్తం తిరగబెట్టింది.

జెండా

ప్రాథమిక పోటీలో మొదటి ఎనిమిది మందికే ఫైనల్. మంగకి ఫ్లోర్, అంటే నేల విన్యాసాల మీదే ఆశ. మిగతా పరికరాల మీద విదేశీ పిల్లలతో తూగలేదు. ఫ్లోర్ మీద తూగగలదని సాధన హాల్లో అందరూ అనుకున్నారు. ఆ అమ్మాయి ఇన్నేళ్ళు పడిన కష్టానికి ఫైనల్లో చోటు ఒక్కటే కావాలి. అది ఆ తొంభై సెకన్లలో తేలాలి.

డోలు, సన్నాయి కలిపి చేసిన సంగీతం మొదలైంది. నేను నా రెండు గీతలు చూస్తూ కూర్చున్నాను. అలా అని రాయడం తేలిక. నిజానికి నేను ఎదురుగా అవతలి మూలన నిలబడ్డ ప్రకాశరావుని చూస్తూ, మధ్యమధ్య గీతలు చూశాను.

చివరి పరుగు. మంగ అవతలి మూల నుంచి, అతని పక్క నుంచే బయలుదేరి నా మూల వైపు వచ్చింది. అంతకుముందు సాధనలో చివరి పరుగు ఇంకో మూలకి ఉండేది, ఒక్క పల్టీ ఉండేది. ఇప్పుడు రెండు పల్టీలు గాలిలో కలిపి కొట్టింది. నాకు వీపు పెట్టి, గీతకి బాగా దగ్గరలో దిగింది. దిగడంలో ఊపు ఆగక కుడికాలు ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ అడుగు పడే క్షణంలో నేను ఆమె భుజం మీదుగా అతని మొహం చూశాను. రెండు పిడికిళ్ళూ ఎత్తి నావైపే చూస్తున్నాడు. చూపు కిందికి దించేసరికి మంగ కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, చేతులెత్తి నిలబడి ఉంది. నా జెండా అప్పటికే పైన ఉంది.

మడమ గీత మీద పడిందా, గీత దాటిందా? నేను చూడలేదు. గీత మీద పడితే తప్పు కాదు. దాటితేనే తప్పు. చూడకుండా ఎత్తిన జెండాని దించవచ్చు, పొరపాటని ఒక మాట చెప్పవచ్చు. దించలేదు. చీటీ మీద పదో వంతు అని రాసి సంతకం చేశాను.

మంగ తొమ్మిదో స్థానంలో ఆగింది. ఎనిమిదో అమ్మాయికీ ఆమెకీ మధ్య తేడా పదో వంతు కంటే తక్కువ.

ప్రకాశరావు వచ్చి గొడవ చేస్తాడని ఎదురుచూశాను. రాలేదు. నావైపు ఒకసారి చూసి, తల దించుకుని, మంగ భుజం మీద తువ్వాలు వేసి లోపలికి తీసుకెళ్ళాడు. ఆ మౌనం నాకు పొగరుగా కనిపించింది. నీలాంటివాడితో మాటలేంటి అన్నట్టు తోచింది. దానికీ ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడికి కూడా ఎదుటివాడి మీద కోపం తెచ్చుకునే తెలివి ఉంటుంది.

కొత్త హాలు

తర్వాత ఏళ్ళ తరబడి మేము మాట్లాడుకోలేదు. నేను జడ్జి పని మానేశాను. కంటి చూపు తగ్గిందని కారణం చెప్పాను. మంగ ఇంకో రెండేళ్ళు ఆడి, మోకాలు దెబ్బతిని, అవనిగడ్డలో ఒక స్కూల్లో పీఈటీగా చేరింది. నేనూ, అతనూ రిటైరయ్యాం.

కిందటేడు అతను ఫోన్ చేశాడు. గుడివాడలో ఇంకో పెద్ద హాలు కట్టించాడట, ప్రారంభోత్సవానికి రమ్మన్నాడు. లోపాలు వెతకడానికే వెళ్ళాను. వెలుతురు తక్కువగా ఉంటుందేమోనని చూశాను, లేదు. నేల ఎత్తుపల్లాలుంటాయేమోనని బూటుతో నొక్కి చూశాను, అదీ లేదు. ఉపన్యాసాలు అయ్యాక ప్లాస్టిక్ కుర్చీల్లో పులిహోర తింటూ ఇద్దరమే మిగిలాం. ఎందుకో ఇక మోయలేననిపించింది.

"బావా, ఆరోజు నేను మడమ చూళ్ళేదు. నిన్ను చూశాను. జెండా ఊరికే ఎత్తాను" అన్నాను.

అతను పులిహోర ప్లేటు కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను.

"నిన్ను ఏ మూల అని ఎందుకడిగానో తెలుసా?" అన్నాడు. "ఆ సాయంత్రమే మంగ చేత చివరి పరుగు నీ మూలకి తిప్పించాను. డబుల్ కూడా అప్పుడే పెట్టాను. పది సార్లు చేస్తే ఆరు సార్లు నిలబడేది. ఒక్క పల్టీతో అయితే కళ్ళు మూసుకుని నిలబడేది, ఫైనల్‌కి వెళ్ళేది కూడా. ఆ పిల్ల వద్దండీ అంది. నేనే వినలేదు."

"ఎందుకు?"

"నీ ముక్కు ముందు దిగాలని. ఇన్నేళ్ళూ నా దగ్గర నేర్చుకుని కూడా, ఎవరడిగినా మా మేస్టారు షెల్టర్లో నేర్పారు అనే చెప్పేది బావా. పేపరువాళ్ళకి కూడా అదే చెప్పింది. హాలు నాది, చాపలు నావి, తిండి నాది. ఆ పేరు నీది. నాకు ఏడుపు రాదా?" అన్నాడు. "ఆ డబుల్ నువ్వు నేర్పలేవని నీకు చూపించాలనుకున్నా. మడమ పడినప్పుడు నేనూ మడమ చూళ్ళేదు. నీ మొహం చూస్తున్నా. అందుకే గొడవ చెయ్యలేదు. ఏ మొహం పెట్టుకుని చేస్తాను?"

మంగ పేపరులో నా పేరు చెప్పిందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. సిగ్గుతో పాటు చిన్న గర్వం కూడా కలిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను కాబట్టి అది కూడా రాయాలి.

ఇద్దరం వెళ్ళి మంగకి చెప్పాలని అతనే అన్నాడు. నేను ఒప్పుకోవడానికి రెండు కప్పుల కాఫీ పట్టింది.

అవనిగడ్డ

మర్నాడు మధ్యాహ్నం అతని కార్లో వెళ్ళాం. పామర్రు దాటేదాకా ముందు ఎవరు చెప్పాలని వాదించుకున్నాం. వయసులో పెద్దవాణ్ణని నన్నే చెప్పమన్నాడు. మొదలుపెట్టింది నువ్వని నేనన్నాను. మోపిదేవి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరమూ ఊరుకున్నాం.

ఆఖరి పీరియడు నడుస్తోంది. మంగ గ్రౌండులో చిన్నపిల్లల చేత పిల్లిమొగ్గలు వేయిస్తోంది. మెళ్ళో విజిలు, మోకాలికి పట్టీ. మమ్మల్ని చూసి గబగబా వచ్చింది.

"ఇద్దరూ కలిసి వచ్చారేంటండీ? ఎవరికైనా బాలేదా?" అంది.

వేపచెట్టు నీడలో కుర్చీలు వేయించింది. తను ఎదురుగా మడత పెట్టిన చాప మీద కూర్చుంది. ముందు నేను చెప్పాను. మడమ చూడలేదన్నాను, ఎవరిని చూశానో చెప్పాను, జెండా దించే వీలుండి కూడా దించలేదని చెప్పాను. తర్వాత అతను చెప్పాడు. మంగ ఎక్కడా అడ్డు రాలేదు. విజిలు తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నది.

"మడమ దాటిందో లేదో నాకూ తెలీదండి. కాళ్ళు మొద్దుబారిపోయాయి" అంది చివరికి. "డబుల్ వద్దన్న మాట నిజమేనండి. కానీ గాలిలోకి లేచాక నాకే ఇష్టమైంది."

ఇద్దరం తలలు దించుకుని కూర్చున్నాం. ఏడుస్తుందేమో, లేచి వెళ్ళిపోతుందేమో, దేనికైనా సిద్ధపడే వచ్చాం.

"నాకు ఒకటి చెప్పండి" అంది. "ఆరోజు ఫ్లోర్ నా మొత్తం ఆటలోకి బాగా చేశానని నాకనిపిస్తుందండి. లోపలున్నదాన్ని కదా, బయటికి ఎలా ఉందో నాకు తెలీదు. టీవీవాళ్ళు ఆ టైములో ఎవరో అమ్మాయి బార్స్ మీద ఊగడం చూపించారంట, మా అమ్మ చూళ్ళేదు. వీడియో ఎంత వెతికినా దొరకలేదు. అక్కడున్న మనవాళ్ళు మీరిద్దరేనండి. ఎలా చేశాను?"

ముందు ప్రకాశరావు వైపు చూసి అడిగింది. అంత జరిగాక కూడా, నన్ను ముందు అడగలేదే అని నా కడుపులో చురుక్కుమంది.

"బాగా చేశావమ్మా, చాలా బాగా చేశావు" అన్నాడతను.

"ఏదండీ బాగుంది? మధ్యలో ఒంటికాలి మీద తిరిగేది ఉంది కదా, ఆరోజు అది మూడు చుట్లు పూర్తిగా వచ్చిందా అండీ?"

అతను నేల చూశాడు. మంగ నావైపు తిరిగింది.

నేను వెతికాను. షెల్టరులో ఈ పిల్ల కొట్టిన ప్రతి పల్టీ నాకు గుర్తుంది. ఏ రోజు ఏ చెయ్యి జారిందో కూడా చెప్పగలను. ఆరోజు గురించి వెతికితే అతని ట్రాక్ సూటు రంగు వచ్చింది, పిడికిళ్ళు వచ్చాయి, నా బ్లేజరు చేతికి పెట్టిన పిన్నీసు వచ్చింది. ఆ తొంభై సెకన్లలో మంగ నాకు ఎక్కడా కనిపించలేదు.

"చూడలేదమ్మా" అన్నాను.

మంగ కాసేపు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు కనిపించాయి. అంతలో గ్రౌండులోంచి ఒక చిన్నపిల్ల, "టీచర్, నన్ను చూడండి" అని అరిచింది.

"వస్తున్నా, నేనొచ్చేదాకా కొట్టకు" అని కేకవేసి, కళ్ళు తుడుచుకుని, మంగ ఆ పిల్ల దగ్గరికి పరిగెత్తింది.